కండ్లల్ల సుక్కలు

మా వైపు ఒక్క కంటికి కోత పడినా "కండ్ల ఆపరేషన్ అయింది" అనే చెబుతారు. ఒక కన్ను అని విడదీసి అనే అలవాటే లేదు. జగిత్యాలలో ఒక కంటి ఆసుపత్రిలో రోగులకు జాగ్రత్తలు చెప్పడం నా ఉద్యోగం. పుట్టింది మేడిపల్లిలో. డాక్టర్లది పుస్తకాల భాష, నాది జనం భాష అని పదకొండేళ్ళ పాటు తెగ మురిసిపోయాను.

కోరుట్ల దర్జీ సత్తార్‌కు రెండు కళ్ళలోనూ నీటికాసులు. లోపల ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని తినేసే జబ్బు అది. పోయిన చూపు మళ్ళీ రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. కుడికన్ను అప్పటికే మసక. సూదిలో దారం ఎక్కించేది ఎడమకంటితోనే. కుడికంటికి ఆపరేషన్ చేశారు. అంతవరకు రెండు కళ్ళలో వేస్తున్న ఒత్తిడి చుక్కలు ఆ కంట్లో ఆపేయాలి, ఎడమకంట్లో మాత్రం రోజూ వేయాలి. ఇంటికి పంపేరోజు ఆయన భార్య అమీర్‌బీకి నేను చెప్పింది ఇది: "ఇగ కండ్లల్ల పాత సుక్కలు బంద్ పెట్టుండ్రి."

చీటీలో సరిగానే రాసి ఉంది, ఇంగ్లీషులో. ఆ ఇంట్లో అది చదివేదెవరు?

నెల తర్వాత చెకప్‌కు రాలేదని ఫోన్ చేశాను. బిడ్డ మెహ్రీన్ కానుపుకు సిరిసిల్ల వచ్చామని, నేను చెప్పినట్టే చుక్కలు బంద్ పెట్టామని అమీర్‌బీ అంది. శభాష్ అన్నాను. అప్పుడు కూడా నా చెవులకు తప్పు వినిపించలేదు. త్వరగా రమ్మని చెప్పి పెట్టేశాను.

ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకు గానీ రాలేదు. ఆపరేషన్ చేసిన కన్ను భేషుగ్గా ఉంది. ఒత్తిడి పన్నెండు, ఉన్న చూపు ఉన్నట్టే నిలిచింది. ఇరవై ఒకటి దాటకూడనిది, ఎడమకంట్లో నలభై ఆరు. డాక్టర్ ఎడమకంటి ముందు వేళ్ళు పెట్టి ఎన్నని అడిగాడు. సత్తార్ వెలుగు ఏ వైపుందో మాత్రం చెప్పగలిగాడు. ఈ కంట్లో చుక్కలు ఎందుకు మానారని డాక్టర్ గద్దించాడు. తనకు సమజ్ కాలేదని అమీర్‌బీ తల దించుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

బయట బెంచీ మీద సత్తార్ ఆమెను తిడుతున్నాడు. చెప్పింది వినడం రాదని, తన కండ్లు తీసిందని. ఉద్యోగం పోతే పోనీ అనుకుని వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"చాచా, చాచీని అనకుండ్రి. ఒక్క కంట్లనే బంద్ అని చెప్పాల్సి ఉండె. నేను కండ్లల్ల అన్న. తప్పు నాది."

సత్తార్ నా గొంతు వైపు తల తిప్పాడు. "ఊకో బిడ్డా. సదువుకున్నదానివి, నువ్వెట్ల తప్పు చెప్తవ్? దీన్ని ఎనకేసుకొస్తున్నవ్."

మళ్ళీ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. నా మంచితనానికి ఇద్దరూ జాలిపడ్డారు తప్ప నమ్మలేదు. చేసిన తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందంటారు, నాది దిగలేదు.

సత్తార్ లేచాడు. పట్టుకోబోయిన భార్య చేతిని విదిలించి, గోడ తడుముకుంటూ మెట్ల వైపు నడిచాడు. అమీర్‌బీ రెండడుగులు ఆయన వెంట వేసి, వెనక్కి వచ్చి కొత్త చీటీ నా చేతిలో పెట్టింది.

"ఇంకోసారి చెప్పు బిడ్డా. గీసారి మంచిగ వింట."