అమ్మాజీకి నొప్పిట

డోర్‌మ్యాట్ ఉతికి ఆరేసి లోపలికొచ్చేసరికి అమ్మాజీ మా ఆయన ఆత్రేయ లాప్‌టాప్ బ్యాగు మీద నడుం వంచి కూర్చుని ఉంది. పరుగెత్తాను. ఎత్తేలోపే బ్యాగు తడిసిపోయింది.

"నువ్వే తెచ్చావు, నువ్వే కడుక్కో," అన్నాడు ఆత్రేయ, కాఫీ కప్పుతో దూరంగా నిలబడి. కోపంగా కూడా కాదు. ఎండగా ఉంది, గొడుగు పట్టుకెళ్ళు అన్నంత మామూలుగా.

అమ్మాజీ పిల్లి. ముసలిది. మా డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన శ్రీలలిత మేడం క్యాంపస్ క్వార్టర్స్ ఖాళీ చేసి కాకినాడలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ, "మా చెల్లికి ఉబ్బసం, పిల్లి పడదు. ఈ వయసులో దీన్నెవరు తీసుకుంటారమ్మా సుప్రజా?" అని కళ్ళు తుడుచుకుంటుంటే, నేను తీసుకుంటానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. బుట్టలో పెట్టుకుని తార్నాకలో మా ఫ్లాట్‌కి తెచ్చాను. అత్తయ్య చూసి, "మా మేనత్త పేరు అమ్మాజీ. పిల్లినెలా పిలుస్తానే ఆ పేరుతో?" అన్నారు. ఆ తర్వాత దాన్ని 'అది' అనే అన్నారు.

మొదట్లో బాగానే ఉంది. వెనక బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన ఇసుక ట్రే పెడితే వెళ్ళేది. తర్వాత ఏమైందో, ట్రేలో ఒక కాలు పెట్టి, నా వైపు చూసి, వెనక్కి తీసుకునేది. కాసేపటికి సోఫా మూలో, స్నానాల గది ముందు డోర్‌మ్యాటో తడిసేది. ఇసుక మార్చాను. ట్రే కడిగాను. వాసన రాని ఇసుకంటే అదీ తెచ్చాను. శ్రీలలిత మేడంకి ఫోన్ చేస్తే, "నా దగ్గర ఒక్కసారి కూడా చెయ్యలేదే!" అన్నారు. అంటే మా ఇంట్లోనే ఏదో ఉందా? నా చేతుల్లోనా? పిల్లికి కూడా నచ్చకుండా పోయేంతగా నేనేం చేశాను? పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడిచి, చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కుని, క్యాంపస్‌లో క్లాసుకెళ్ళి బోర్డు మీద రాస్తుంటే వేళ్ళలోంచి ఇంకా ఆ వాసన వస్తున్నట్టే ఉండేది. పిల్లలు ముందు బెంచీల్లోంచి లేచి వెనక్కి వెళితే నా వల్లేనేమో అనిపించేది. ఒకరోజు దాన్ని తిట్టాను. "బుద్ధి లేదా నీకు? అంత పెద్ద ట్రే కనబడటం లేదా?" అని అరిచాను. అమ్మాజీ సోఫా కిందకి దూరిపోయింది. ఆ గొంతు ఎవరిదో తర్వాత గుర్తొచ్చింది. అచ్చం అత్తయ్య గొంతు.

"శుభ్రం తెలియని దాన్ని ఇంట్లోకి తెస్తే ఇంతే," అనేవారు అత్తయ్య, రోజూ, నేను తుడిచిన చోటు దాటుకుంటూ.

చివరికి సాయంత్రం క్లాసులయ్యాక ఇంటికొచ్చిన కాళ్ళతోనే అమ్మాజీని బుట్టలో పెట్టుకుని హబ్సిగూడలో పశువుల డాక్టరు దగ్గరికెళ్ళాను. కావ్య అని చిన్నమ్మాయి. అమ్మాజీ పొట్ట కింద వేళ్ళు పెట్టి మెల్లగా నొక్కింది. అమ్మాజీ మూలిగింది.

"అది కావాలని చేస్తలేదు మేడం. మూత్రంల ఇన్ఫెక్షన్ ఉన్నట్టున్నది. టెస్ట్ చేద్దాం. ట్రే ఏడ పెట్టిన్రు?"

చెప్పాను.

"మిషన్ పక్కనా? అది తిరుగుతుంటే ఆ చప్పుడుకు భయపడదా? పోయినప్పుడల్లా మంట, దానిమీద ఈ చప్పుడు. ఆ ట్రేనే నొప్పి పెడుతున్నదనుకుంటది. అందుకే ఇంకో జాగా ఎతుక్కుంటున్నది. ఎవ్వరూ తిరగని చోట, అంచు తక్కువున్న ట్రే పెట్టున్రి. ఎంతసేపని ఆపుకుంటది, పాపం. తిట్టిన్రా?"

"తిట్టాను," అన్నాను.

ఆటోలో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే దాని బరువు నా పొత్తికడుపు మీద పడి సూదులు గుచ్చినట్టయింది. మధ్యాహ్నం నుంచీ నాకు బాత్రూమ్‌కి వెళ్ళాలనే ఉంది. నేనెప్పుడూ అంతే. ఒకసారి డిపార్ట్‌మెంట్ మీటింగ్ మధ్యలో లేస్తే ఉమాపతి సార్ నవ్వుతూ, "మేడం ఇందాకే వెళ్ళొచ్చినట్టున్నారే?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్నుంచీ క్యాంపస్‌లో నీళ్ళు తాగడం మానేశాను. ఇంట్లో పొద్దున ఒక బాత్రూమ్‌లో ఆత్రేయ ఫోన్‌తో కూర్చుంటాడు. ఇంకోటి అత్తయ్య గదిలో, మడి. ఖాళీ దొరికి నేను వెళ్ళిన క్షణానే తలుపు మీద దబదబా కొడతారు. "సుప్రజా, పాలు!" "సుప్రజా, నా బెల్టేదీ?" సగంలో లేచొచ్చేస్తాను. మంటగా ఉందని ఆత్రేయకి చెప్పాను కూడా, ఎండాకాలంలోనో అంతకు ముందో. "నీళ్ళు తాగు," అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా. తాగితే వెళ్ళాలి కదా!

ఇంటికొచ్చి డాక్టరు చెప్పింది చెప్పాను. నేనూహించింది వేరు. ఆత్రేయ ముఖం మారిపోయింది. "అయ్యో, నొప్పిట్రా అమ్మాజీ?" అంటూ కింద కూర్చున్నాడు. తన రాతబల్ల మూలనున్న పుస్తకాలన్నీ తనే తీసి, అంచు తక్కువున్న బేసిన్ వెతికి, ఇసుక పోసి అక్కడ పెట్టాడు. అత్తయ్య, "నోరులేని జీవం, ఎంత ఓర్చుకుందో తల్లి," అని ముక్కు చీదారు. అమ్మాజీ ఆ మూలకి నడుస్తుంటే, "టీవీ ఆపమ్మా, వెళ్తోంది," అని ఆత్రేయ గుసగుసలాడాడు. అత్తయ్య సీరియల్ ఆపేశారు. సీరియల్! ముగ్గురం ఊపిరి బిగబట్టి గుమ్మం బయట నిలబడ్డాం. లోపల ఇసుక గీరిన చప్పుడైంది. ఆత్రేయ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

నాకు సంతోషించాలనే ఉంది. సంతోషంగానే ఉంది కూడా. మరి ఇదేమిటి? ముసలి పిల్లి మీద కుళ్ళుకుంటున్నానా? వీళ్ళు చెడ్డవాళ్ళయినా బాగుండేది. ఇంత మెత్తటి చేతులు ఈ ఇంట్లోనే ఉన్నాయని తెలిసి ఏం చేసుకోను? కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

"పిల్లి కోసం ఏడుస్తావేంటే పిచ్చిదానా, తగ్గిపోతుందిలే," అన్నారు అత్తయ్య.

"నాక్కూడా అదే నొప్పి," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. ఆత్రేయ నవ్వబోయి ఆగాడు. "నీకేంటి? ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్ళయింది. ఆపుకుని ఆపుకుని."

"మరి చెప్పాలిగా సుప్రజా! నువ్వు చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?"

చెప్పాను అనబోయాను. ఎప్పుడు, ఏ పూట, ఏ మాటల్లో అని నిరూపించుకోవాల్సొస్తుంది. అలిసిపోయాను.

"అమ్మాజీ ఎప్పుడు చెప్పింది?" అన్నాను.

ఆత్రేయ చేతులకింకా ఇసుక అంటుకుని ఉంది. వాటినేం చేయాలో తెలియనట్టు చూసుకుంటున్నాడు. అత్తయ్య నెమ్మదిగా, "మరి రాత్రికి వంట?" అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు.

నేను చెప్పులేసుకున్నాను. వీధి చివర లేడీ డాక్టరు క్లినిక్ తెరిచే ఉంటుంది. రోజూ దాని ముందు నుంచే బస్టాపుకి నడుస్తాను. "నేనూ రానా?" అన్నాడు ఆత్రేయ. రమ్మనాలో వద్దనాలో ఎంత వెతుక్కున్నా నాకు తెలియలేదు.

"నువ్వు అన్నం వండు," అని మెట్లు దిగాను.