మాట అయ్యేదాకా

"బావా, సోమవారం నుంచి నాను..." అంటూ లీలావతి అన్నం కంచం ముందు పెట్టింది.

"సారు ఒట్టుకురా. టైమైపోతంది," అన్నాడు ఆమె మొగుడు హరిబాబు.

చారు తెచ్చేసరికి రైల్వే వర్క్‌షాపులో కొత్త డ్యూటీల గోలంతా వాళ్లమ్మకి చెబుతున్నాడు. ఆ మహానుభావుడి మాటకి అడ్డెవరు? మధ్యాహ్నం సైకిలెక్కి కాలనీలోని తమ ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్‌కి రావడం, నాలుగు ముద్దలు మింగి మళ్లీ పరుగెత్తడం. గుమ్మం దాకా వెంట వెళ్లి లీలావతి మళ్లీ "సోమవారం" అంది. "సోమవారం గ్యాసోడొస్తాడు, ఇంట్లోనే ఉండు," అని పెడల్ మీద కాలేశాడు.

ఆమె చెప్పాలనుకున్నది పెద్ద రామాయణమేం కాదు. ఇంట్లో కూర్చుని చేస్తున్న పనిని ఇకమీదట మలంచా పేటలోని ఆఫీసుకొచ్చి చెయ్యమన్నారు, పర్మనెంటు చేస్తామన్నారు. వచ్చేదీ రానిదీ ఈ సాయంత్రంలోగా తేల్చమంది అక్కడి పెద్ద రష్మిత. వారం నుంచి ఆ ఒక్క ముక్కా ఇంట్లో చివరిదాకా సాగలేదు. ఒకసారి కుక్కర్ కూత, ఒకసారి క్రికెట్టు, ఒకసారి "మల్లా సెప్పుదువులే". ఉద్యోగం చేజారుతుందన్న భయం సరే, ఆమెను లోపల్లోపల తినేస్తున్నది ఇంకొకటుంది. తనొక మాట మొదలుపెడితే ఎదురుగా కూర్చుని ఊఁ కొట్టే మనిషి కావాలి. "తర్వాత?" అని అడిగే మనిషి కావాలి. ఇంత వయసొచ్చాక ఇదేం పిచ్చి అని తనని తానే తిట్టుకునేది గాని, తిడితే పోయే కోరికా అది? ఆఫీసు అనుకోగానే ఆమెకి కుర్చీలూ కంప్యూటర్లూ గుర్తు రావు. మొదటిసారి వెళ్లినప్పుడు రష్మిత ఫోను పక్కన పెట్టి, "చెప్పండి లీలగారూ" అని, చెప్పడం అయ్యేదాకా ఆగిన సంగతే గుర్తొస్తుంది.

ఫోన్లో మనుషులతో మాట్లాడే గొంతుల్ని తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఓ క్లినిక్కో, బట్టల కొట్టో దాంతో తమకి కావలసిన గొంతు చేసుకోవచ్చు. అదెలాగో తెలుగులో విడమరిచి రాయడం లీలావతి పని. ఆ రోజు పేజీలో రాయాల్సింది, ఎదుటి మనిషి మాట ఆపాక గొంతు ఎంతసేపు ఆగి జవాబివ్వాలన్నది. రాసేముందు తానే ఒక క్లినిక్కు గొంతు తయారుచేసి, పరీక్షకని అత్తగారు అప్పలకొండ చేతికి ఫోనిచ్చింది.

"నాకు మోకాలు..." అని అప్పలకొండ ఆగింది, ఏ మోకాలో తడిమి చూసుకోవడానికి.

"మోకాలి నొప్పికి డాక్టరుగారు రేపు ఉంటారు. మీ పేరు రాయమంటారా?" అంది గొంతు.

"ఉండే, అదేటంటే..."

"క్షమించండి, అర్థం కాలేదు."

అప్పలకొండ ఫోను మంచమ్మీద పడేసింది. "మాటాడనీదేటే ఇది? ఎదుటోళ్లు సెప్పింది ఇనాలని దీనికెవులూ నేర్పనేదా?"

లీలావతికి నవ్వొచ్చింది. ఆ వెంటే ఒళ్లు మండింది. పొద్దున తన మాట సగంలో ఉండగా కొబ్బరి పచ్చడి సంగతెత్తింది ఈవిడే కదా. పైకేమీ అనకుండా, గొంతు ఆగే సమయాన్ని బాగా పెంచి ఫోను మళ్లీ చేతికిచ్చింది.

ఈసారి గొంతు ఆగింది. అప్పలకొండ మోకాలి గురించి చెప్పింది, ఆగింది, మళ్లీ చెప్పింది. అటునుంచి ఎవరూ అడ్డు రాకపోయేసరికి మోకాలు దాటి పోయింది.

"కుట్టుమిషను తొక్కి వచ్చిన నొప్పయితే బాధ నేకపోయేది, అమ్మా. తొక్కనియ్యనేదు కదా. కాలనీలో ఆడోళ్లకి కుట్టు నేర్పుతన్నారంటే ఎల్తానని మా ఆయనకి సెప్పబోయినాను. నీకెందుకే అన్నాడు. మల్లా ఎత్తినాను. కూర సల్లారిపోనాది సూడన్నాడు. మరి అడగనేదు. ఆయన పోయినాడు. ఇప్పుడు సూది కంటికి ఆనదు."

లీలావతి ఫోను ఆపి పక్కన పెట్టింది.

"తర్వాత అత్తా?" అంది లీలావతి.

"తర్వాతేటి, అంతే," అని అప్పలకొండ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

లీలావతి పేజీ ముందు కూర్చుంది. "మనిషి ఆగినంత మాత్రాన మాట అయిపోయిందనుకోవద్దు" అని రాసింది. అత్తగారి మీద జాలి కలిగింది. ఆ జాలి వెనకే భయం వేసింది. ఇన్ని రోజులూ తాను బావకి చెబుతున్నాననుకుంది గాని, నిజానికి ఎదురుచూస్తున్నది అతని "సరే" కోసం. అతను ఆగి వినేదాకా కూర్చుంటే తానూ ముసలితనంలో ఏ ఫోనుకో చెప్పుకోవాలి.

ఫోను తీసుకుంది.

"రష్మితగారూ, సోమవారం నుంచి ఆఫీసుకొస్తున్నాను. పర్మనెంటు కాయితాలు సిద్ధం చెయ్యండి," అంది. మాట చివరిదాకా వెళ్లింది. అటువైపు రష్మిత సంతోషంగా ఏదో అంటోంది గాని, ఆమెకి తన గొంతే ఇంకా వినిపిస్తోంది.

అప్పలకొండ గాభరాగా చూసింది. "మా హరిగాడికి సెప్పనేదు కదే?"

"సాయంత్రం సెప్తానత్తా," అంది లీలావతి. "అడగను."