తప్పు చోట పాతిన మైలురాయి

నేను ఒక మైలురాయిని. అదీ తప్పు చోట పాతినదాన్ని. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరో వచ్చి బయటపెడితే నాకు ఇంకా చిన్నతనం.

వేల్స్ కొండల్లోంచి నన్ను రోమన్ సైనికులు తీశారు. చెక్కినవాడు చలికి వణుకుతూ, తనను అంత దూరం పంపినవాళ్ళందరినీ పేరుపేరునా తిట్టుకుంటూ, నా ఒంటి మీద చక్రవర్తి పేరూ బిరుదులూ చెక్కి, అడుగున ‘కోటకు మూడు మైళ్ళు’ అని ముగించాడు. బండి మీద తీసుకుపోతుంటే వాన పట్టుకుంది. ఎద్దులు మొరాయించాయి. అసలు మూడో మైలు ఇంకా అరమైలు అవతల ఉంది. ఇక్కడే పాతేద్దాం, ఎవడు కొలుస్తాడు అన్నాడు ఒకడు. నిజంగానే ఎవడూ కొలవలేదు. చక్రవర్తి మారినప్పుడల్లా ఒకడొచ్చి పాత పేరు గీకేసి కొత్త పేరు చెక్కిపోయేవాడు గానీ, ఆ అరమైలు అబద్ధం జోలికి ఎవరూ పోలేదు.

చుట్టుపక్కల వాళ్ళకి ఒక అలవాటు ఉండేది. ఎవరు ప్రయాణమైనా నా దాకా వచ్చి సాగనంపేవాళ్ళు. నా దగ్గర ఆగి, చెప్పిందే మళ్ళీ చెప్పి, బిగిసే ఉన్న మూట ముడిని ఇంకోసారి బిగించి, వెనక్కి తిరిగేవాళ్ళు. వెళ్ళేవాడికి దూరం చెప్పడానికే నేను పుట్టాను. ఎప్పుడొస్తాడు అని అడిగేవాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. నా గొప్ప అంతే.

ఒకరోజు ఆ సైనికులే వెళ్ళిపోయారు. గిన్నెలూ కవచాలూ మూటకట్టుకున్నారు. నన్ను వదిలేశారు. తమ మాటలు కూడా కొన్ని మరిచిపోయారు. వాళ్ళు పోయిన నూటయాభై ఏళ్ళకు కూడా అక్కడి జనం వంతెనను పాంట్ అనీ, కిటికీని ఫెనెస్టర్ అనీ, చేపను పిస్క్ అనీ తాతల నాటి సొంత మాటల్లాగే అనేవాళ్ళు. నవ్వకండి. మీరు సబ్బు, బొత్తాం, తువ్వాలు అంటున్నప్పుడు ఓడలెక్కి వచ్చిపోయిన పోర్చుగీసువాళ్ళు గుర్తొస్తున్నారా? పోయేవాళ్ళు ఎంత జాగ్రత్తగా సర్దుకున్నా ఏదో ఒకటి వదిలే పోతారు.

బాట మీద గడ్డి మొలిచింది. కోట రాళ్ళు గొర్రెల దొడ్లకు పోయాయి. నా అక్షరాలు చదవగలవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. విచిత్రం ఏమిటంటే, అప్పుడే నా మర్యాద పెరిగింది. నా ముందు నుంచి పోతూ టోపీలు తీసేవాళ్ళు. మూడు మైళ్ళు అన్న మాటకి, అదీ తప్పు లెక్కకి!

నన్ను ఆనుకుని ఉన్న పొలం కద్వాల్ అనే అతనిది. ఒక వసంతంలో ఉత్తరాది యుద్ధానికి పోతూ, అందరిలాగే, అతనూ నా దగ్గరే భార్య మోర్విద్‌కు వెళ్ళొస్తానని చెప్పాడు. వాగు దాటుతూ కొట్టుకుపోయాడనీ, శవం దొరకలేదనీ ఎండాకాలంలో కబురొచ్చింది. కబురు వెనకే కద్వాల్ తమ్ముడు మెయిలిర్ వచ్చాడు. ఆ సీమ కట్టుబాటు ప్రకారం చనిపోయినవాడి సమాధి ఏ పొలం గట్టున ఉంటే ఆ పొలం అతని పిల్లలది. సమాధే లేకపోతే తమ్ముడిది. మోర్విద్‌కి ఇద్దరు పిల్లలున్నారు. సమాధి లేదు.

ఆమె దునౌద్ దగ్గరికి పోయింది. ఆయన అక్కడి చిన్న గుడిసె చర్చికి పూజారి, సమాధి రాళ్ళు చెక్కేది కూడా ఆయనే. రోము భాషలో రాసి ఉంటేనే పోయినవాడికి పరువని అక్కడి జనం నమ్మకం, ఇళ్ళలో ఆ భాష ఎవరికీ రాకపోయినా సరే. దునౌద్‌కి మాత్రం ఏం వచ్చు? ఒకే ఒక్క వాక్యం: ఫలానావాడు ఇక్కడ పడుకుని ఉన్నాడు. చుట్టుపక్కల రాళ్ళన్నిటి మీదా పేర్లు మార్చి అదే చెక్కాడు.

ఖాళీగా ఉన్న నా వీపు మీద ఉలి ఆనించి ఆగిపోయాడు. కింద ఏముందమ్మా అని అడిగాడు. ఆయన నడికట్టు పాతిపెట్టాను అందామె. మనిషి లేడు కదా, లేనివాణ్ణి ఉన్నాడని ఎలా చెక్కను, నాకు ఇంకో వాక్యం రాదే అని వాపోయాడు.

మోర్విద్ నా మీద అరచెయ్యి ఆనించింది. “ఆయన్ని నేను ఆఖరుసారి చూసింది ఈ రాయి పక్కనే అయ్యా. ఆ తర్వాత ఎక్కడున్నాడో నాకు తెలీదు. నాకు తెలిసినంతవరకు ఇక్కడే ఉన్నాడు. చెక్కండి.”

చెక్కాడు. వెడల్పు లేనిదాన్ని కనక పైనుంచి కిందికి చెక్కాడు. ఇప్పటికీ నన్ను చదవాలంటే మెడ వంచాలి.

నాలుగో రోజున మెయిలిర్ పారలతో ఇద్దరు పనివాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. “వదినా, అన్న కింద ఉన్నాడంటున్నావు. ఒకసారి చూసి దండం పెట్టుకుంటాం” అన్నాడు. అతను నా చుట్టూ తిరిగి, పాత అక్షరాల మీద వేలు పెట్టి, ఇటుపక్క ఏముందని అక్కడే ఉన్న దునౌద్‌ని అడిగాడు.

దునౌద్‌కి ఏం తెలుసు? అయితే తెలియదని చెప్పడం ఆయనకు ఈ జన్మలో చేతకాలేదు. గొంతు సవరించుకున్నాడు. “అది చక్రవర్తి ఆన. ఈ రాయి కింద తవ్వినవాడు తన వంశాన్ని తానే తవ్వుకున్నట్టు.”

సిగ్గుతో నేను ఇంకో జానెడు భూమిలోకి దిగిపోయి ఉండాలి. నేనన్నది కోటకు మూడు మైళ్ళని మాత్రమే.

కానీ మెయిలిర్‌కి ఒక జబ్బుంది. ప్రతి విందులోనూ లేచి నిలబడి, తమ వంశం రోము చక్రవర్తి నుంచి దిగిందని ఒక్కొక్క పేరే చదివేవాడు. ఆ పనివాళ్ళు పుట్టినప్పటి నుంచీ అదే వింటున్నారు. ఒకడు పార నేలకు ఆనించి అమాయకంగా అన్నాడు: “మీ ముత్తాతగారి మాటే కదా దొరా. మీరు తవ్వమంటే తవ్వుతాం.”

మెయిలిర్ టోపీ తీశాడు. పారలు భుజాల మీదికి ఎక్కాయి.

ఆ సాయంత్రమే అతను ఒంటరిగా తిరిగొచ్చాడు. తల నాకు ఆనించి, “అన్నా, ఉన్నావా?” అని మెల్లగా అడిగాడు. ఆ ఒక్కరోజుకి నాకు నోరుంటే బాగుండుననిపించింది. ఉన్నా దూరం తప్ప ఏం చెప్తాను? ఆ ఏడు మోర్విద్ పొలానికి కంచె కట్టింది అతనే.

ఆ తర్వాత నేను ఒక దొడ్డికి గేటు స్తంభంగా కూడా పనిచేశాను. గొర్రెలు వీపు గోక్కోవడానికి నాకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. పండితులు నా రెండు వైపులా చదివి, మైలు లెక్క తప్పని తేల్చారు. నేను నిలిచిన చోట తవ్వి, ఎముకలు లేవు, ఒక నడికట్టు బిళ్ళ మాత్రమే ఉందని రాసుకున్నారు. అంటే ముందు చెప్పిందీ అబద్ధం, వెనక చెప్పిందీ అబద్ధం. మొదటిది ఒప్పుకుంటాను. రెండోది ఒప్పుకోను.

బిళ్ళ లోహం కాబట్టి దాన్ని పక్క గదిలో పెట్టారు. నేను రాళ్ళ గదిలో. మా ఇద్దరి మధ్యా దూరం ఎంతో ఏ చీటీ మీదా రాయలేదు. వచ్చేపోయేవాళ్ళ అడుగులు విని నేనే లెక్కపెట్టాను. ఇరవై ఒక్క అడుగులు. ఈసారి లెక్క తప్పలేదు.