తడవని కొప్పు

ఉసేనమ్మ పత్తికుప్ప ముందు గొంతుక్కూర్చుని కుడిచేత్తో పత్తి విదిలిస్తూ ఎడమచేత్తో చెత్త ఏరుతోంది. ఎండుటాకులు, పుల్లలు, పురుగు తిన్న గుడ్డికాయలు, అన్నీ పక్కనున్న గంపలో పడుతున్నాయి. ముక్కుకూ నోటికీ అడ్డంగా కట్టుకున్న పాత చీరముక్క, ఊపిరి పీల్చినప్పుడు లోపలికి అతుక్కుంటోంది, వదిలినప్పుడు ఉబ్బుతోంది. వెనకాల జిన్నింగ్ మిషన్ల రొద. ఆదోనిలో ఈ మిల్లు రేకుల కింద గాలిక్కూడా రంగుంటుంది. తెల్లగా, సన్నగా, ఎప్పుడూ పైనుంచి రాలుతూనే ఉంటుంది. కనుబొమల మీద రాలిన దూదిని తుడుచుకోవచ్చు. లోపలికి పోయినదాన్ని ఎవరు తుడుస్తారు?

కాపరానికి వచ్చిన ఏటినుంచీ ఆమెకిదే పని. ఒకప్పుడు ఒళ్ళున్న మనిషే. ఇప్పుడు రవికె భుజాల మీద నిలవదు, మెడకింద ఎముకల మధ్య గుంత పడింది. దగ్గు వస్తే నడుం వంచి, అరచేతులు నేలకానించి, అది పోయేదాకా అలాగే ఉండిపోతుంది. పక్కన కూర్చునే భీమక్క ఏమీ అడక్కుండా ఆమె గంపలోది కూడా తనే ఏరుతుంది. ఆ ఒంట్లో తరగనిదల్లా జుట్టొక్కటే. ఇప్పటికీ పిడికిట పట్టదు. గట్టిగా చుట్టి, నాలుగు పిన్నులు గుచ్చితే గానీ కొప్పు నిలవదు. ఆ కొప్పే ఆమె కొంప తీసింది.

పోయిన చలికాలంలో ఎమ్మిగనూరు దగ్గర తుంగభద్ర కాలువలో బాప్తిస్మాలు జరిగాయి. కాలువకు నీళ్ళు బందుకాకముందే ఏటా అక్కడికి పోయి ఇస్తారు. తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్ళ వరుసలో ఉసేనమ్మ కూడా నిలబడింది. ఆ చీర ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిందే, ఏరి కొనుక్కుంది. బతుకంతా తెల్లటి పత్తిలో గడిపిన మనిషి తెల్లబట్ట కట్టడం అదే మొదలు. ఆమె వంతు వచ్చింది. పాస్టరు ఏలీయా ఒక చెయ్యి ఆమె వీపుకింద పెట్టి, రెండో చేత్తో ముక్కుమీద గుడ్డ అదిమి, వెనక్కి వాల్చాడు. నీళ్ళు గొంతుదాకా వచ్చేసరికి దగ్గు తన్నుకొచ్చింది. గిజగిజలాడి, కళ్ళు తేలేసి, పైకి లేచిపోయింది. గట్టుమీద నిలబడ్డ సంఘపెద్ద ఒకాయన వేలు చూపించి, కొప్పు తడవలేదన్నాడు. మనిషి నిండా మునగాలట, ఒక్క వెంట్రుక పైన మిగిలినా అది బాప్తిస్మం కాదట.

మరోసారి ముంచుదామని ఎవరూ అనలేదు. తక్కినవాళ్ళందరికీ పూలదండలు వేసి, కొత్త పేర్లు పెట్టి, పాటలు పాడారు. ఈమెకు పెడతామన్న ఎస్తేరు అనే పేరును కూడా వెనక్కి తీసుకున్నారు. పీర్ల పండక్కి మొక్కుకుంటే పుట్టిందని తల్లి పెట్టిన ఉసేనమ్మ అన్న పేరే ఆమెకు మిగిలింది. తడిచీరతో ట్రాక్టరు చివర కూర్చుని చలికి వణుకుతూ ఆదోనికి తిరిగొచ్చింది. చెప్పేవాడికి నోరెలా వచ్చిందో నాకైతే అర్థం కాదు. చెంపలు తడిశాయి, కళ్ళు తడిశాయి, కడుపులోకి కూడా కాలువ నీళ్ళు పోయాయి. కొప్పు తడవలేదట!

ఆమె పట్టుదల పేరు కోసం కాదు. మొగుడు జయన్న మార్కెట్ యార్డులో హమాలీ. ఆమె కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు అతను బాప్తిస్మం తీసుకున్నాడు. పుట్టిన బిడ్డా నిలవలేదు, ఆ తర్వాత పుట్టినవాళ్ళూ నిలవలేదు. ఆఖరికి జయన్నా పోయాడు. అతన్ని సంఘంవాళ్ళ సమాధుల తోటలో పూడ్చారు. అతని పక్కన ఒక మనిషి పట్టేంత చోటుంది. నెలకోసారి పోయి ఆ చోటులో గడ్డి పీకి, రాళ్ళేరి వస్తుంది. కానీ బాప్తిస్మం లేనివాళ్ళకు ఆ తోటలో చోటు లేదు. ఆమె కోరేదల్లా ఆ చోటే.

ఆదివారం చర్చి ఊడ్చేది ఆమే, చాపలు పరిచేది ఆమే. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల పెట్టినప్పుడు, బాప్తిస్మమైనవాళ్ళకే ఇచ్చే రొట్టె పళ్ళెం వరుసలో ఒక్కొక్కరి ముందుకూ వచ్చి, ఉసేనమ్మ దగ్గరికి రాగానే ఆమె తలమీదుగా పైకెత్తి అవతలి మనిషికి అందిస్తారు. ఆ పళ్ళెం కడిగిపెట్టేది కూడా ఆమేనన్నది ఎవరికీ గుర్తుండదు.

ఈ ఏడాది బాప్తిస్మం కోసం బుధవారాలు చెప్పే పాఠాలు ఒక్కటీ తప్పలేదు. బాప్తిస్మమంటే క్రీస్తుతో కూడా పాతిపెట్టబడి, ఆయనతో కూడా లేవడమని పాస్టరు చెప్పాడు. తక్కినవాళ్ళు ఆ మాటలు వల్లెవేస్తుంటే ఆమె మాత్రం జయన్నను గుంతలోకి దింపిన రోజు తలచుకుంది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు తాళ్ళు పట్టుకుని దింపారు. దింపి, తాళ్ళు లాగేసుకుని పోయారు. లేపడానికి ఎవరూ ఉండలేదు. నీళ్ళలో అయితే దింపిన చేతులే లేపుతాయి. ఆమెకు అర్థమైంది ఇంతే. ఇంతకన్నా ఎక్కువ అర్థం కావాల్సిన అవసరమూ నాకు కనపడదు.

మిల్లు వెనక, పత్తికి నిప్పంటుకుంటే చల్లార్చడానికి కట్టిన సిమెంటు తొట్టి ఉంది. నడుం లోతు. మధ్యాహ్నం సద్ది తిన్నాక ఉసేనమ్మ ఆ తొట్టిలోకి ముఖం ముంచి ఊపిరి బిగబట్టడం నేర్చుకునేది. భీమక్క ఆమె వీపుమీద చెయ్యివేసి నిలబడేది. భీమక్క ఉరుకుంద ఈరన్న భక్తురాలు, చర్చి గడప తొక్కిన మనిషి కాదు. మనిషి ఊపిరాపితే గానీ ఒప్పుకోని దేవుడేం దేవుడని ఆమె సణిగేది. దేవుడు అడగలేదు లేమే, అయ్యగారు అడిగినాడు అని ఉసేనమ్మ ముఖం తుడుచుకుంటూ అనేది.

ఇవాళ శనివారం. రేపు బాప్తిస్మాలు, బల్ల కూడా రేపే. అందుకని సద్ది గబగబా తినేసి, చర్చి ఊడ్చి రావడానికి పోయింది. పాస్టరు ఏలీయా రేపటి బట్టలు చూసుకుంటున్నాడు. ఆమెను చూసి, కూర్చోమన్నాడు. కూర్చోమన్నప్పుడే ఆమెకు తెలిసిపోయింది.

“చూడు ఉసేనమ్మా, రేపు వద్దులే. నీకింకా విశ్వాసం కుదరలేదు. భయం ఉన్నచోట విశ్వాసం నిలవదు.”

“నాకు బయం యాడుందయ్యా? దగ్గుంది.”

పోనీ తలమీద నీళ్ళు పోస్తే చాలదా అని అడిగింది. అది మన పద్ధతి కాదన్నాడు. ముందు మిల్లు మానేసి ఒళ్ళు బాగుచేసుకోమన్నాడు, వచ్చే ఏడు చూద్దామన్నాడు. మిల్లు మానెయ్యాలట! మానేసి ఏం తినాలో ఆ ముక్క మాత్రం చెప్పలేదు.

“వచ్చే యాడాదికి నేనుంటానా అయ్యా? ఈలోపల పోతే మా జయన్న పక్కన పూడుస్తారా?”

ఆయన చేతిలోని తెల్లబట్టను మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. సంఘం రూలు తెలుసు కదమ్మా అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

అసలు సంగతేమిటంటే, భయపడింది ఆయన. పోయినేడు తన చేతుల్లో ఆమె కళ్ళు తేలేసిన రోజు ఆయనకు అన్నం సయించలేదని ఆయన భార్యే అన్నారట. ఈసారి పోతే తన చేతుల్లోనే పోతుందని ఆయన గుబులు. మనిషన్నాక భయముంటుంది, ఎవరు కాదన్నారు? నాకు భయంగా ఉంది తల్లీ అని ఒక్క మాట అని ఉంటే, ఉసేనమ్మే ఆయన్ను ఓదార్చి ఉండేది. అలా అనకుండా, తన భయాన్ని తెచ్చి ఆమె విశ్వాసం నెత్తిన రుద్దాడు. ఆమె చర్చి అంతా ఊడ్చి, చాపలు దులిపి, మిల్లుకు తిరిగొచ్చింది.

సాయంత్రం మిషన్లు ఆగాయి. ఆడవాళ్ళు చీరలకంటిన దూది దులుపుకుంటూ గేటు వైపు పోతున్నారు. ఉసేనమ్మ భీమక్క చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. ఏం చెయ్యబోతోందో తెలిసేసరికి భీమక్క చెయ్యి లాక్కుంది. చలి పొద్దు, నీ రొమ్ము సంగతి నాకు తెలుసు, నా చేతుల్లో ఏమన్నా అయితే నేనేం కావాలని గొడవ పెట్టుకుంది. అయ్యగారు అనలేకపోయిన మాట భీమక్క అనేసింది.

“నాకు బయంగా ఉందక్కా. నేను మీ సంగమామెను గూడా కాదు.”

“సేతులకు సంగమేందిమే? నువ్వు పట్టుకో. వదలద్దు. అంతే.”

భీమక్క కొంగు దోపుకుంది.

ఉసేనమ్మ కొప్పులోంచి పిన్నులు తీసి, ఒక్కొక్కటిగా తొట్టి గట్టుమీద పెట్టింది. జుట్టు విప్పి వీపుమీదికి వదిలింది. పనిచీరతోనే నీళ్ళలోకి దిగింది. చలికి పళ్ళు టకటకలాడుతుంటే, తండ్రి పేరున, కుమారుని పేరున, పరిశుద్ధాత్మ పేరున అని పాఠంలో నేర్చుకున్నట్టే తనే చెప్పుకుంది. భీమక్క వీపుకింద ఒక చెయ్యి, మెడకింద ఒక చెయ్యి పెట్టి వెనక్కి వాల్చింది. నీళ్ళు ఆమె ముఖాన్ని మూసేశాయి. జుట్టు నీళ్ళనిండా పరుచుకుని మెల్లగా కిందికి దిగింది. భీమక్క తన దేవుణ్ణీ పిలిచింది, ఈమె దేవుణ్ణీ పిలిచింది, చేతులు మాత్రం వదల్లేదు. లేపింది.

ఉసేనమ్మకు వెంటనే దగ్గు రాలేదు. నోరు తెరిచి, కళ్ళు తెరిచి, మసక పడుతున్న ఆకాశం కేసి చూసింది.

“కొప్పు తడిసిందా?”

“కొప్పు యాడుందక్కా? ఎంటికలన్నీ నీళ్ళే కారుతాండాయి.”

ఉసేనమ్మ నవ్వింది. నవ్వులోంచి దగ్గు వచ్చింది, చాలాసేపు వదల్లేదు. అయినా ఇంటికి పోతూ దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది. రేపు అందరితో కాలువకు పోతుందట, గట్టుమీద కూర్చుంటుందట. సాయంత్రం బల్లలో పళ్ళెం తలమీదికి ఎత్తబోతే చెయ్యి చాపుతుందట. నువ్వెప్పుడు మునిగావని ఎవరన్నా అడిగితే, భీమక్కనే సాక్ష్యం చెప్పాలట. ఎప్పుడూ జుట్టు విరబోసుకుని వీధిలో నడవని మనిషి, ఆ సాయంత్రం తడిజుట్టుతో పేటంతా దాటుకుని పోయింది.

ఆదివారం తెల్లవారి, కొండకింద పేటలోకి ట్రాక్టరు వచ్చి హారను కొట్టింది. ఉసేనమ్మ బయటికి రాలేదు. సాగనంపడానికి వచ్చిన భీమక్క తలుపు తోసింది. ఎమ్మిగనూరు తెల్లచీర కట్టుకుని, గోడకానుకుని కూర్చుని ఉంది ఉసేనమ్మ. జుట్టు ఆరి, భుజాల మీదుగా ఒళ్ళో పడి ఉంది. పిలిస్తే పలకలేదు.

వాకిట్లో సంఘపెద్దలు చేరారు. తోటలో చోటు మాట భీమక్కే ఎత్తింది. బాప్తిస్మం లేదు కదా అన్నారు.

“నిన్న మునిగింది. నేనే పట్టుకున్నా. కొప్పు గూడా తడిసింది.”

అన్యురాలి చేతిమీద, మిల్లు తొట్టిలో జరిగినదాన్ని ఒప్పుకుంటే రేపు అందరూ ఇంట్లో బకెట్లలో మునుగుతారని ఒక పెద్ద అన్నాడు. కొందరు తలలూపారు కూడా. భీమక్క వాళ్ళతో వాదించలేదు. పాస్టరు ఏలీయా వైపు తిరిగింది.

“అయ్యా, నువ్వు సెప్పు.”

ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవతల ట్రాక్టరులో తెల్లబట్టలవాళ్ళు ఎదురుచూస్తున్నారు. కాలువ నీళ్ళు ఇంకెన్నాళ్ళో ఉండవు. ఆయన ఆమె కాళ్ళదగ్గర ఒక నిమిషం నిలబడి, తల వంచుకుని ట్రాక్టరెక్కాడు.

ఉసేనమ్మను ఊరి శ్మశానంలో పూడ్చారు. దానికీ సమాధుల తోటకూ మధ్య ఒకటే గోడ. జయన్న గోడకు అటు, ఆమె ఇటు. చన్నీళ్ళలో దిగింది కాబట్టి పోయిందని మిల్లు గుమాస్తా అన్నాడు. పెద్దల మాట వినలేదు కాబట్టి పోయిందని సంఘంలో అనుకున్నారు. భీమక్క ముంచి చంపిందన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఆమె రొమ్ములో పేరుకున్న దూది పేరు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తితే ఎవరిని అడగాల్సి వస్తుందో వాళ్ళకు తెలుసు.

సోమవారం మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. పత్తికుప్ప ముందు ఉసేనమ్మ చోట్లో ఇంకొకామె కూర్చుంది. మధ్యాహ్నం భీమక్క సద్ది మూట విప్పకుండా తొట్టి దగ్గరికి పోయి, నీళ్ళవైపు చూస్తూ నిలబడింది. తొట్టి గట్టుమీద ఆ నాలుగు పిన్నులు అలాగే ఉన్నాయి, వాటిమీద అప్పుడే తెల్లగా దూది పట్టింది.