కొంగు మీది చుక్కలు

పెళ్లయిన నాలుగేళ్లకు మధుకర్ చేతిలో ఉన్న ఆస్తి ఇది: దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం, ఎల్బీనగర్‌లో సొంత ఇల్లు, తమ సరుకులో లోపం ఉండదని తండ్రి కోదండం నుంచి వచ్చిన ధీమా. లేనిది పిల్లలు. ఆ లోటును తల్లి అంజమ్మ విచారణ లేకుండానే కోడలు సుప్రియ పద్దులో రాసేసింది. ప్రతి మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిలో ప్రదక్షిణలు, రోజూ పొద్దున గ్లాసెడు చేదు కషాయం.

సుప్రియ పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. చివరికి డాక్టర్ ఇంద్రాణి మధుకర్‌కు స్కాన్ తీయించింది.

"వృషణాల్లో సున్నపు చుక్కలు కనిపిస్తున్నాయండి," అంది ఫొటో చూపిస్తూ. "వాటంతట అవి పెద్దగా హాని చెయ్యవు. కాకపోతే పిల్లలు కలగని మగవాళ్లలో కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. అసలు సంగతి వీర్య పరీక్షలోనే తెలుస్తుంది. రేపే ఇచ్చెయ్యండి."

"సీజన్ అయినంక ఇస్త మేడమ్," అన్నాడు మధుకర్, బాకీకి వాయిదా అడిగినట్టు.

బయటికి రాగానే భార్యను బతిమాలాడు. "ఇంట్ల చెప్పకు సుప్రియా. జర ఆగు."

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె. అప్పటిదాంక ఆ కషాయం నువ్వు తాగు."

బేరం గిట్టుబాటే అనుకున్నాడు, మొదటి గుక్క దాకా.

ఫొటోను దుకాణంలో డిజైన్ల డ్రాయర్‌లో, కాగితాల మధ్య కాగితంగా దాచాడు. పెళ్లిళ్ల సీజన్ అయిపోయింది, శ్రావణమూ వచ్చింది, వాయిదా మాత్రం తీరలేదు.

ఒక సాయంత్రం కోదండం పోచంపల్లి నుంచి వచ్చిన మూటను ఇంటికి తెచ్చి, అందరి ముందూ ఒక చీర విప్పాడు. బూడిద రంగు చీర. కొంగు మీద పక్కపక్కనే రెండు పెద్ద కోడిగుడ్డు ఆకారాలు, వాటి నిండా రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు.

"ఎట్లున్నది? గీ డిజైన్ నీ డ్రాయర్ల దొరికింది కొడకా. మన నేతపనోడు సైదులుకు పంపిన. రంగు అంటకుండ చుక్కచుక్కకు దారం కట్టిండు, మొనగాడు! పక్కన ఏందో ఇంగ్లీషు ఉంటె, కంపెనీ పేరు గావచ్చని తీసేయించిన."

మధుకర్ ఆ చుక్కలను గుర్తుపట్టాడు. సుప్రియ నవ్వు ఆపుకోలేక దిండులో ముఖం దాచుకుంది.

"మొదటి చీర కోడలికే," అంది అంజమ్మ. "రేపు మంగళారం. గిది కట్టుకొని గుడికి పో బిడ్డా. స్వామి కండ్ల పడితే ఈసారన్న కడుపు పండుతది."

"వద్దు!" మధుకర్ లేచి నిలబడ్డాడు. "హనుమంతుని ముంగట గది వద్దమ్మా. బ్రహ్మచారి దేవుడు."

"చీరకూ బ్రహ్మచారికీ ఏం సంబంధంరా?"

సుప్రియ నవ్వు ఆగిపోయింది. అతని వైపే చూస్తోంది. ఇక చెప్పేశాడు. ఆ ఫొటో ఏమిటో, ఎవరిదో, ఒంట్లో ఎక్కడిదో. లోపం ఉంటే తన వైపే ఉండొచ్చని.

కోదండం చీర మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"మరి గిన్ని దినాలు కషాయం నీకెందుకు పోసిన్నే?" అంజమ్మ కోడలి వైపు తిరిగింది.

"నేను తాగలే అత్తమ్మా. ఆయనే తాగిండు."

"పోనీ, తాగాల్సినోడే తాగిండు," అన్నాడు కోదండం. మళ్లీ చీర వైపు చూశాడు. "పనితనం మాత్రం మస్తున్నది."

మర్నాడు గుడికి బదులు దవాఖానకు వెళ్లారు. కౌంట్ తక్కువగా ఉంది, సున్నా కాదు. రంగుల స్కాన్‌లో ఎడమవైపు రక్తనాళాలు ఉబ్బినట్టు తేలింది.

"దీనికి చిన్న ఆపరేషన్ ఉంది," అంది ఇంద్రాణి. "చుక్కలకు మందులేమీ అక్కర్లేదు. నెలకోసారి మీరే తడిమి చూసుకోండి, గడ్డలాంటిది తగిలితే వెంటనే రండి."

ఇంటికొచ్చాక కోదండం ఆ కొత్త ఫొటోను అరచేత్తో సాపు చేసి, "ఎరుపు, నీలం మంచిగ కుదిరినయి" అంటుండగా మధుకర్ గుంజుకున్నాడు.

ఆపరేషన్ అయిన ఆర్నెల్లకు లెక్క చూసుకుంటే, చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కౌంట్ మందులతో కొంచెం పెరిగింది. పిల్లల సంగతి ఇంకా తేలలేదు. కోదండం దుకాణంలో పెట్టిన ఆ చీరలు ఒక్కటీ మిగల్లేదు. కొత్తపేట ఆడవాళ్లు ఇప్పటికీ వచ్చి అడుగుతుంటే, సరుకు ఆగిపోయిందని మధుకర్ తల వంచుకుని చెబుతున్నాడు. ఇక లాభమంటే, పక్కింటి కిష్టమ్మ సుప్రియను గేటు దగ్గర ఆపి "ఇంకా ఏం లేదా బిడ్డా?" అన్న రోజు, అంజమ్మ లోపలి నుంచే వీధంతా వినబడేలా చెప్పిన మాట.

"దాన్నేం అడుగుతవ్ వదినా? మందులు మా పోరనికి నడుస్తున్నయి!"

సుప్రియ లోపలికి వచ్చి, బీరువాలోంచి ఆ మొదటి చీర తీసి కట్టుకుంది.