తాడుకి ఇవతల

ఇసుక తిన్నె మీదికి వెళ్లే దారి మూసేశారని నాకు సోమవారం రెండో పీరియడ్‌లో తెలిసింది. ఏడో తరగతి వాళ్లు తలలు వంచుకుని లెక్క చేసుకుంటున్నారు. తిన్నెల గార్డు రాసిన ఉత్తరం అటెండర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. చదివి, మడిచి, హాజరు పట్టీలో పెట్టి, మిగిలిన లెక్క చెప్పాను.

ఆ దారి మా ఆయనదని అనకూడదు. అయినా, మా బళ్లో సైన్సు టీచరుగా ఉన్న ఇరవై రెండేళ్లూ ఆయన ఏటా ఏడో తరగతిని ఆ దారినే పైకి తీసుకెళ్లారు. తిన్నె కొన మీద పిల్లల్ని వరసగా నిలబెట్టి, చివర తను నిలబడేవారు. కింద కుళాయి పక్క నుంచి బస్సు డ్రైవరు ఫొటో తీసేవాడు. ఆయన పోయి ఏడు నెలలైంది. ఈ ఏడాది పిల్లల్ని నేను తీసుకెళ్తానని హెడ్మాస్టరుకి చెప్పాను. ఆయన నిలబడే చోట నిలబడి ఇరవై మూడో ఫొటో తీయించుకోవాలి. నాకు కావలసింది అంతే.

సాయంత్రం మా ఆడపడుచుకి చెప్పాను. తను పక్క వాటాలోనే ఉంటుంది, బట్టలు కుడుతుంది. నోట్లో గుండుసూదులు ఉన్నంతసేపే మాట్లాడకుండా ఉంటుంది.

"మూసేశారంటే? గోడ కట్టారా?" అంది, సూదులు తీసి.

"తాడు కట్టారట."

"తాడేగా వదినా. ఇటో కాలు, అటో కాలు. మా అన్నయ్య అయితే..."

"మీ అన్నయ్య అయితే దాటరు."

"అదీ నిజమే. కండక్టరు టికెట్ కొట్టడం మర్చిపోతే దిగాక బస్సు వెంటపడి డబ్బులిచ్చిన మనిషి." మళ్లీ మిషను తొక్కి, ఆపింది. "ఫొటోలన్నీ పట్టుకెళ్దాం. ఇరవై రెండేళ్ల ఆనవాయితీ అని బల్ల మీద పరుద్దాం. ఎలా కాదంటారో నేనూ చూస్తాను."

శనివారం ఇద్దరం వెళ్లాం. గార్డు గది తిన్నెల మొదట్లోనే ఉంది. గోడకి ఆటుపోట్ల పట్టిక, మూలన పారలు, కిటికీ గట్టు మీద జత తప్పిన చెప్పులు. భుజాన ఎప్పుడూ తాడు చుట్ట ఉంటుంది కాబట్టి పిల్లలు అతన్ని తాడు మాస్టారు అంటారు. మా బడిలోనే చదివాడు. మూడో ఫొటోలో అందరికంటే పొట్టిగా, చొక్కా బొత్తాం లేకుండా ఉన్నది అతనే.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "కూర్చోండి టీచర్. ఆ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మీరు చదువుతారని భయం, తప్పులుంటాయేమోనని."

"రెండున్నాయి" అన్నాను.

మా ఆడపడుచు అప్పటికే ఫొటోలు పేకముక్కల్లా పరిచేస్తోంది, ఏడాది వెంట ఏడాది. "చూడు బాబూ, ఒక్క ఏడు తప్పలేదు. వానొచ్చినా తప్పలేదు. ఇదుగో గొడుగులు. ఇదుగో నువ్వు, అప్పుడే ఎంత పొగరో చూడు. అన్నిట్లోనూ పిల్లలు, మా అన్నయ్య, వెనకాల లైట్‌హౌస్..."

అక్కడ ఆగింది. ఓ ఫొటో తీసి కిటికీ వైపు పట్టుకుంది.

"వదినా, ఈ లైట్‌హౌస్ ఏంటి, మొదట్లో తలకాయే కనబడుతోంది. ఇక్కడికొచ్చేసరికి నడుం దాకా లేచింది. ఈ చివరిదాంట్లో గుమ్మం కూడా కనబడుతోంది. మధ్యలో ఏమైనా జరిపి కట్టారా?"

నేను ఫొటోలు ఒకటొకటిగా చూశాను. డ్రైవర్లు మారినా కుళాయి ఎక్కడికీ పోలేదు, లైట్‌హౌసూ ఎక్కడికీ పోలేదు. పిల్లల కాళ్ల కింద ఇసుక ఏటా కాస్త కాస్త దిగిపోయింది.

"నడిచిన చోట గడ్డి వేళ్లు తెగాయి టీచర్" అన్నాడు గార్డు నెమ్మదిగా. "ఇసుకని పట్టుకునేది ఆ వేళ్లే. అవి పోతే గాలి లోపలికి దూరి తవ్వుకుపోతుంది. మీ బడి వాళ్లే కాదు, దారి కనబడితే అందరి కాళ్లూ అటే పోతాయి. సారుకి తెలియదు. అప్పట్లో ఇక్కడెవరికీ తెలియదు. అందులో నా కాళ్లూ ఉన్నాయి."

మా ఆడపడుచు ఫొటోలు పోగు చేయడం మొదలుపెట్టింది. నోట్లో సూదులు లేకుండా తను అంతసేపు మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగాను.

"గడ్డి పట్టుకుంటే ఆరేళ్లు. పట్టుకోకపోతే చెప్పలేను."

"పిల్లలతో చేయించగలిగే పనేమైనా ఉందా?"

అతను తాడు చుట్ట భుజం మార్చుకున్నాడు. "గడ్డి పిలకలు నాటాలి. ముప్ఫై మందికి మించొద్దు. నేను వేసిన చెక్క పలకల మీదే నడవాలి. ఏదీ తెంపకూడదు, ఏదీ పారేయకూడదు. దిగేటప్పుడు జారకూడదు. ఈ ఆఖరిది ఏడో తరగతికి మీరే చెప్పాలి, నా వల్ల కాదు."

వాన పడిన మర్నాడు వెళ్లాం. ఇసుక తడిగా, నడవడానికి గట్టిగా ఉంది. తాడు మాస్టారు షరతులన్నీ మళ్లీ చెప్పాడు. తరగతిలో లాయరని పేరున్న పిల్ల చెయ్యెత్తింది.

"ఒక కాలు పలక మీద, ఒక కాలు ఇసుకలో ఉంటే సార్?"

"ఇసుకలో ఉన్న కాలిని ఇంటికి పంపిస్తాం. రెండోది ఉండొచ్చు."

జానెడు గుంట, గుంటకి రెండు పిలకలు, చుట్టూ ఇసుక గట్టిగా నొక్కడం, మూరెడు దూరంలో ఇంకో గుంట. అంతే పని. పిల్లల చేతులు నోటికంటే వేగంగా ఆడాయని చెప్పను. మా ఆడపడుచు కూడా వచ్చింది. తను వేసిన వరస స్కేలు పెట్టి గీసినట్టుంది.

గార్డు దాన్ని చూసి తల గోక్కున్నాడు. "అమ్మా, తిన్నగా వద్దు. సందులోంచి గాలి దూసుకుపోతుంది. ఒకటి ఇటు, ఒకటి అటు వేయండి."

"ముప్ఫై ఏళ్లు తిన్నగా కుట్టి అన్నం తిన్నాను. ఇప్పుడు వంకర నేర్పుతావా?" అంటూనే పీకి మళ్లీ నాటింది. పిల్లలు తనని చూసి వంకరగా నాటడంలో పోటీలు పడ్డారు. ఆ రోజు నేను ఎవరినీ సరిదిద్దలేదు.

మధ్యాహ్నానికి బకెట్లు ఖాళీ అయ్యాయి. పిల్లలు చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి దిగారు. జారకుండానే దిగారు, ఒక్కడు తప్ప. నేను ఆఖరి పలక మీద ఉన్నాను. అక్కడి నుంచి ఆయన నిలబడే చోటు పన్నెండు అడుగులు. తొక్కితే నలగడానికి అక్కడ గడ్డి కూడా లేదు.

కింది నుంచి మా ఆడపడుచు కేకేసింది. "వదినా, నేను అటు చూడట్లేదు."

డ్రైవరు ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. లాయరు పిల్ల మాత్రం సగం దారిలో ఆగి నా కాళ్ల వైపే చూస్తోంది. గాలి లేచింది. కొన మీద నుంచి సన్నగా ఇసుక రాలుతోంది, మా కొత్త పిలకల మీద పడుతోంది. కొంచెంసేపు దాన్నే చూశాను. తర్వాత వెనక్కి తిరిగి, పలకల మీదుగా కిందికి వచ్చాను.

"ఎక్కలేదేం టీచర్?" అంది ఆ పిల్ల.

"పలక అక్కడితో అయిపోయింది."

"పిలకలు మళ్లీ ఎప్పుడొస్తాయి?"

"వచ్చే నెలలో అన్నారు."

మొత్తం తొమ్మిది వరసలు వేశాం. పైన ఇంకో మూడు వరసలు, ఆయన నిలబడే చోటుతో కలిపి, నాటాల్సి ఉంది.