నా మంచం కింద మొక్కుపుంజు

ముందే చెప్తున్నాను, మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గుమ్మం తొక్కదు. విజయనగరంలో మా నాన్నది కిరాణా కొట్టు. తాతల నాటి నుంచి పప్పులూ బెల్లమూ అమ్ముకుంటున్న షావుకార్లం. అలాంటి ఇంట్లో పుట్టిన ఉపేంద్ర అనే నేను, విశాఖపట్నంలో ఇంజనీరింగ్ సీటొచ్చి హాస్టల్లో చేరితే, నా మంచం కింద బతికున్న కోడిపుంజు! నా ఖర్మ కాకపోతే ఇంకేమిటి?

దాన్ని తెచ్చినవాడు అసిరినాయుడు. వాళ్ళది కోటబొమ్మాళి పక్కన పల్లె, వరి పండించే ఇల్లు. మొదటిరోజు ఒక చేత్తో ట్రంకుపెట్టె, ఇంకో చేత్తో తువ్వాలు కప్పిన గంప పట్టుకుని గదిలోకొచ్చాడు. అప్పటికే నేనూ, సాలూరు నుంచి వచ్చిన రాంబాబూ మంచాలు పంచుకున్నాం. రాంబాబు వాళ్ళకి లారీలున్నాయి. వాడు ఏ లారీ హారనైనా నోటితో కొట్టగలడు. అడక్కపోయినా కొడతాడు.

గంప కదిలింది.

"ఏముందిరా అందులో?" అన్నాను.

"పుంజున్నాది బావా," అన్నాడు అసిరి. నేను వాడికి బావనెప్పుడయ్యానో నాకు తెలీదు.

"పుంజా! హాస్టల్‌కి పుంజేమిట్రా?"

"మొక్కుపుంజు బావా. కొడుక్కి వైజాగులో సీటొస్తే పుంజునిచ్చుకుంటానని మాయమ్మ అమ్మోరికి మొక్కీసినాది. సీటొచ్చీసినాది. జాతర దాకా దానికి నా సేత్తోనే మేత పెట్టాల. ఇంకెవులూ పెట్టకూడదు. ఇంటికాడ ఒగ్గీసి ఎలగొస్తాను?"

"పెట్టకపోతే ఏమవుతుంది?"

"మొక్కు సెడిపోతాది. అమ్మోరు సీటు ఎనక్కి తీసీసుకుంటాది. ఆవిడ తీసుకోకపోయినా మాయమ్మ తీసీసుకుంటాది. నన్ను ఇంటికి లాక్కుపోయి పొలంలో దింపీస్తాది."

ఇక్కడ మా వార్డెన్ గురించి చెప్పాలి. నరసింగరావుగారు కొత్తవలస మనిషి. మీసం ముందు నడుస్తుంది, ఆయన వెనక వస్తారు. చేరిన రోజునే అందర్నీ నిలబెట్టి, హాస్టల్లో కుక్కగానీ పిల్లిగానీ ఏ జీవం కనబడినా దాన్ని తెచ్చినవాడి సామాన్లు గేటు బయట పారేస్తానని చెప్పేశారు. హాస్టల్ పోతే బయట గది తీసుకుని ఉండటానికి కూర్మమ్మగారు, అంటే అసిరి వాళ్ళమ్మ, ఛస్తే ఒప్పుకోదు. పుంజు ఉంటే వార్డెన్ పంపేస్తారు, పుంజు పోతే అమ్మ తీసుకుపోతుంది. మధ్యలో వీడు.

తలుపు తీస్తే కనబడని మంచం నాదొక్కటే. అందుకని పుంజు నా మంచం కిందికి చేరింది. నేను అరిచాను, తిట్టాను, ఊదొత్తులు వెలిగించాను. దానికి ఊదొత్తుల పొగ బాగా నచ్చినట్టుంది, మరింత హుషారుగా తిరిగింది.

అప్పుడే వార్డెన్‌కి చెప్పేద్దును. కానీ ఆ ఆదివారం ముగ్గురం బీచికి వెళ్ళాం. వెళ్ళేటప్పుడే పొరపాటున గాజువాక బస్సెక్కేసి, సగం దూరం పోయాక దిగి వెనక్కొచ్చాం. రోడ్డు దాటాల్సొస్తే అసిరి నా చొక్కా పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అలాంటివాడు సముద్రంలో ఓడ చూసి కదల్లేదు.

"అంత ఇంజినెలగుంటాదో బావా! దాని లోపలికెళ్ళి సూడాల నాను. మరింక ఇంటికెల్లను, సదువుకునే ఎల్తాను," అన్నాడు. నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

అప్పటిదాకా కొత్త చోటుకి బెదిరి కూయని పుంజు మర్నాడు తెల్లవారుతూనే కూసింది. మామూలుగా కాదు, మేడంతా అదిరేలా కూసింది. దుప్పట్లు కప్పుతూ ఉండగానే తలుపు దబదబ బాదారు. నరసింగరావుగారు లుంగీతో లోపలికొచ్చారు.

"ఏటిరా ఆ కూత?"

అసిరి నా చొక్కా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నా నోరు మాత్రం నన్నడక్కుండా లేచింది. "అలారం సార్. నా ఫోన్లో కోడికూత పెట్టుకున్నాను. ఇంటి దగ్గర అలవాటు సార్."

"ఏదీ, మోగించు."

చచ్చాం అనుకున్నాను. ఫోన్ తీసి ఏదో నొక్కినట్టు నొక్కాను. సార్ వెనకాల నిలబడ్డ రాంబాబు పెదాలు కదపకుండా కొక్కొరొకో అన్నాడు. వాడి గొంతులో కాస్త లారీ కలిసింది కానీ ఫరవాలేదు. అది విని మంచం కింద పుంజుకి రోషం వచ్చింది, తిరిగి కూసింది.

సార్ అటూ ఇటూ చూశారు. "రెండు పక్కలా వినపడతన్నాదేటిరా?"

"కొత్త ఫోన్ సార్," అన్నాను. "సౌండ్ అంతా అలాగే తిరుగుతుంది."

ఆయన నమ్మారు. అలారం మార్చమని చెప్పి వెళ్ళిపోయారు. మారిస్తే ఎలా, పుంజు మారదు కదా! అందుకని నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మా అంతస్తులో అందర్నీ బతిమాలి, అందరి ఫోన్లలోనూ కోడికూత అలారం పెట్టించాను. అన్ని కూతల్లో అసలు కూత ఎవడు పట్టుకుంటాడు? నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెల్లారేసరికి హాస్టల్ కోళ్ళఫారం అయిపోయింది. ఈ గది కూస్తే ఆ గది కూసింది. అన్నిటికంటే గట్టిగా మా పుంజు కూసింది. సార్ ఆ సాయంత్రం గదిగదికీ తిరిగి ఫోన్లన్నీ లాగేసి, కింద తన గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు.

"రేపు ఎలగ కూస్తాదో నానూ సూస్తాను," అన్నారు.

కూసింది. మర్నాడు పొద్దున్నే ఆ బీరువా కూసింది. ఫోన్లిచ్చేటప్పుడు అలారాలు తీసెయ్యాలని ఒక్కడికీ తోచలేదు. ఇనప బీరువాలోంచి అన్ని పుంజులు ఒక్కసారి కూస్తే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మా పుంజుకి మాత్రం అది యుద్ధానికి పిలిచినట్టు వినపడింది. తాడు తెంపుకుంది, మొహం కడుక్కుందామని నేను తలుపు తీస్తే నా కాళ్ళ మధ్య నుంచి దూరి, మెట్లు దిగి పోయింది.

"ఓలమ్మా! బావా, పట్టుకో!" అని అసిరి కేక.

మేం కిందికి పరిగెత్తేసరికి పుంజు సార్ గదిలో బీరువాని తన్నుతోంది. ఎగిరి తన్నడం, వెనక్కి రావడం, మళ్ళీ ఎగిరి తన్నడం. మంచం మీద నరసింగరావుగారు దుప్పటి మెడదాకా లాక్కుని కూర్చుని ఉన్నారు.

"ఎవులిది?" అన్నారు.

అసిరి ముందుకొచ్చి నిలబడ్డాడు. "నాదే సార్. ఈల్లకేటీ తెలీదు." అబద్ధం చెప్పడం కూడా రాదు వెధవకి, చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు.

సార్ అప్పటికప్పుడే కూర్మమ్మగారికి ఫోన్ చేసి, మర్నాడే వచ్చి కొడుకునీ కోడినీ కూడా తీసుకుపొమ్మన్నారు. పుంజుని తన టేబుల్ కోడుకి కట్టేశారు. అసిరిని దాని దగ్గరికి కూడా రానివ్వలేదు. "మేత, సార్, మేత," అని వాడు గుమ్మం దగ్గర మొత్తుకుంటే పైకి తరిమేశారు.

ఆ రోజంతా అసిరి ట్రంకుపెట్టె సర్దుతూ కూర్చున్నాడు. మడిచిన చొక్కానే మళ్ళీ మడిచాడు. రాంబాబు ఒక్క హారన్ కూడా కొట్టలేదు. మంచం కింద ఎవరూ తిరగడం లేదని నాకు హాయిగా ఉండాలి. లేదు. ఏడుపొచ్చింది, బాత్రూంకి పోయి మొహం కడుక్కున్నాను.

మర్నాడు రైలు దిగి నేరుగా కూర్మమ్మగారు వచ్చేసింది. సన్నగా ఉంటుంది, చూపు మాత్రం ఎదటివాళ్ళని పట్టుకుని వంగదీస్తుంది. కొడుకుని చూడలేదు, సార్‌కి దణ్ణం పెట్టలేదు. ముందు పుంజు దగ్గర కూర్చుని దాని ముక్కు పట్టుకుని పరీక్షగా చూసింది. ముక్కుకి ఉల్లిపాయ ముక్క, ఓ మరమరం అంటుకుని ఉన్నాయి.

"ఎవులు పెట్టినారు దీనికి మేత?"

"నానే పెట్టినాను," అన్నారు సార్. "నా కాడున్న మురీ మిక్చరు పెట్టినాను. ఆకలికి గోలెత్తిపోతంటే సూస్తూ ఊరుకోమంటావేటి? నానూ పల్లెటూరోన్నే."

"సేత్తో పెట్టినావా, కింద పోసినావా?"

"సేత్తోనే. కింద పోస్తే తినదే! అరసెయ్యి పట్టందే ముట్టలేదు."

కూర్మమ్మగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. అసిరి కిందికి తెచ్చిన ట్రంకుపెట్టె మీద కూలబడ్డాడు. ఇంక అయిపోయింది, మొక్కూ పోయింది, చదువూ పోయిందనుకున్నాను. ఆవిడ లేచి, కొంగు దులుపుకుంది.

"అయితే మరి మొక్కు నీకొచ్చీసినాది బాబూ," అంది. "ఎవులి సేతి మేత తింటే ఆల్లదే మొక్కు. జాతరకి నువ్వే ఎత్తుకు రావాల. అందాకా నీ సేత్తోనే మేపాల."

"నాకేటి సంబంధం? నాకిలాటివి నమ్మకం నేదు."

"నమ్మకపోతే మానీ. అమ్మోరితో నువ్వే సెప్పుకో."

సార్ గబుక్కున లెంపలు వేసుకున్నారు.

"ఇంకోటి," అంది ఆవిడ. "ఈ పుంజు మీదొచ్చిందే మావోడి సీటు. పుంజు నీదైతే మావోడి పూచీ కూడా నీదే. ఆడిని బయటికి తోలీస్తే మొక్కు సగంలో ఒగ్గీసినట్టే. ఆ పైన నీ ఇష్టం నాయినా. నానెల్తాను, పేసింజరుంది." అని కొడుకు బుగ్గ ఒక్కసారి గట్టిగా గిల్లి, సంచీలోంచి చోళ్ళ మూట, అంటే రాగుల మూట, తీసి సార్ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నరసింగరావుగారు చోళ్ళ మూట వంక చూశారు, పుంజు వంక చూశారు, అసిరి వంక చూశారు.

"నీ ట్రంకుపెట్టె పైకి మోసుకుపోరా ఎదవా," అన్నారు. "ఈటిని నానబెట్టి పెట్టాలా, అలాగే పెట్టాలా? అది సెప్పి పో."

ఆ నాటి నుంచి మా ఫోన్లు మాకొచ్చేశాయి, పుంజు మాత్రం సార్ గదిలోనే మకాం. అది కూస్తేనే మేం లేవాలి. లేవని గదికి సార్ దాన్ని చంకలో పెట్టుకుని స్వయంగా వచ్చేవారు. మెస్సులో అన్నం బాగోలేదని మేం మొత్తుకుంటే వినని మనిషి, పుంజు ముట్టలేదని వంటవాళ్ళని నిలబెట్టి తిట్టారు.

పోలాల అమావాస్య దాటాక జాతర వచ్చింది. సార్, అసిరి, పుంజు కలిసి కోటబొమ్మాళి రైలెక్కారు. నేను వెళ్ళలేదు, ఆ కోత నేను చూడలేను. మొక్కు తీరిందనీ, కూర బ్రహ్మాండంగా ఉందనీ, సార్ మాత్రం పన్ను నొప్పని ముద్ద ముట్టలేదనీ అసిరి ఫోన్లో చెప్పాడు. ఆ పొద్దున హాస్టల్లో కూత లేదు. షావుకారి కొడుకు కోడి కోసం ఏడిస్తే ఎవరైనా నవ్వుతారని దుప్పటి ముసుగేసుకున్నాను.

మర్నాడు సార్ మా గదికొచ్చారు. చేతిలో గంప, మీద తువ్వాలు. వెనకాల అసిరి పళ్ళికిలిస్తున్నాడు.

"సెమిస్టర్లో హాస్టలంతా పాసవ్వాలని మొక్కీసినానురా," అన్నారు సార్. "ఎవులో ఒక్కడే మేపాలి. ఎవులా అని దారంతా ఆలోచించినాను. అలారమని ముందు నోరిప్పినోడు ఎవుడు?"

"సార్, నేను శాకాహారిని సార్!"

"మంచిదే కదా. నువ్వైతే దాన్ని తినవు."

తువ్వాలు తీశారు. పసుపుపచ్చగా ఇంత పిల్ల, నన్ను చూసి కియ్యిమంది. అసిరి నా చెయ్యి పట్టుకుని లాగి, అరచేతిలో నాలుగు చోళ్ళు పోశాడు. "కానీ బావా. సెయ్యి కదపకు, బెదిరిపోతాది."

పిల్ల పొడిచింది. చక్కిలిగింత పెట్టింది.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి, కొట్లోంచి రెండు కేజీల చోళ్ళు పంపమన్నాను.

"చోళ్ళెందుకురా నీకు?" అన్నాడు.

"అంబలి కాచుకుంటాం నాన్నా," అన్నాను. సరిగ్గా అప్పుడే పిల్ల కియ్యిమంది.

"అదేమిట్రా ఆ చప్పుడు?"

"అలారం నాన్నా," అన్నాను.